కొనేదొకరు, కొట్టేదొకరు

పురుగుమందు అట్టపెట్టెలో సీసా పక్కన మడిచి పెట్టే కరపత్రం ఒకటుంటుంది. ఎన్నో మడతలు విప్పి బల్ల మీద పరిస్తే గాని అది చదవడానికి వీలుపడదు. అక్షరాలు చీమ తలకాయలంత. పత్తి, మిరప, కంది పండే వినుకొండ చుట్టుపక్కల ఊళ్లలో దినపత్రిక రాని ఇంటికి కూడా ఈ కాగితం వస్తుంది. సర్కారు ఉత్తరం రాని ఇంటికీ వస్తుంది. అంత విస్తారంగా చేరే అచ్చు కాగితం పల్నాటి పల్లెల్లో మరొకటి ఉందో లేదో చెప్పలేం. చదివేవాళ్లు మాత్రం అరుదు. చాలాసార్లు అది కొట్టు ముందే పడిపోతుంది, లేకపోతే చేను గట్టున.

దీనికి రైతును తప్పుపట్టడం తేలిక. ‘చదువుకోడు, చెప్పింది వినడు’ అనే మాట సదస్సుల్లో ఎన్నిసార్లు విన్నామో. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం, అంటే ఏడేళ్లు దాటినవాళ్లలో మూడో వంతు మందికి చదవడం రాదు. అది నిజమే. కానీ చదవడం వచ్చినవాడు కూడా ఈ కాగితాన్ని ఎందుకు పారేస్తున్నాడన్నది అసలు ప్రశ్న. పత్తి గింజల ప్యాకెట్టు నుంచి విరేచనాలకు ఇచ్చే ఓఆర్ఎస్ పొడి పొట్లం దాకా, చేతికి పని నేర్పడానికి రాసిన కాగితాలన్నిటినీ ఈ ప్రశ్న ముందు నిలబెట్టి చూడాలి. ఎవరి కోసం రాశారు, ఏ చోట చదువుతారని రాశారు, ఏం జరగాలని రాశారు?

పురుగుమందు కరపత్రం పుట్టింది చట్టంలోంచి. 1968 నాటి పురుగుమందుల చట్టం, దాని కింద 1971లో వచ్చిన నిబంధనలు, ఆ కాగితంలో ఏముండాలో చెబుతాయి. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదులో, ఎలా వాడాలి, ఒంటికి పడితే ఏ లక్షణాలు కనిపిస్తాయి, ప్రథమ చికిత్స ఏమిటి, విరుగుడు ఏమిటి, ఖాళీ డబ్బాలను ఏం చెయ్యాలి. ఇదంతా హిందీ, ఇంగ్లీషుతో పాటు అమ్మే ప్రాంతపు భాషలో కూడా ఉండాలి. నిబంధన ఏదీ వదిలిపెట్టలేదు. దాని జబ్బు కూడా అదే. ‘అన్నీ ఉన్నాయా?’ అని అడిగే ఇన్‌స్పెక్టరుకు ఆ కాగితం చక్కటి జవాబు. రేపు ఏదైనా జరిగి కోర్టుకెక్కితే, ‘మేం ముందే చెప్పాం’ అనడానికి కంపెనీకి పక్కా సాక్ష్యం. రైతు అడిగే ప్రశ్న వేరు. ‘ఇవాళ పొద్దున ఈ ట్యాంకులో ఎంత పొయ్యాలి?’ ఈ ఒక్కదానికి జవాబు ఆ అక్షరాల అడుగున ఎక్కడో ఉంటుంది, అదీ తిన్నగా ఉండదు.

భాష సంగతీ చూడండి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడి నూరేళ్లు దాటింది. పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి. కరపత్రంలో మాత్రం ఇంకా ‘పిచికారీ చేయవలెను’, ‘సేవించినచో వాంతి చేయించరాదు’ అనే తరహా పలుకే. ఇంగ్లీషు ముక్కను గుమాస్తా తెలుగులోకి దించినట్టు ఉంటుంది. ‘మందు కొట్టడం’ అనే మాట ఊళ్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు. కాగితానికే తెలియదు.

చదువు రానివాళ్ల కోసమని నిబంధనల్లో రంగులు పెట్టారు. లేబుల్ మీద ఒక చదరాన్ని వజ్రం ఆకారంలో వాలుగా నిలబెట్టి, రెండు త్రికోణాలుగా కోస్తారు. పై భాగంలో హెచ్చరిక మాట ఉంటుంది, మరీ విషమైతే పుర్రె బొమ్మ. కింది భాగంలో రంగు. అత్యంత విషానికి ఎరుపు, అధిక విషానికి పసుపు, మధ్యస్థానికి నీలం, స్వల్పానికి ఆకుపచ్చ. ఈ గుర్తు లేబుల్ ముఖంలో కనీసం పదహారో వంతు ఉండాలి. ఆలోచన మంచిదే. కానీ పసుపు నీలం కన్నా ప్రమాదమని ఎవరికి తడుతుంది? పల్లెటూళ్లో పసుపు శుభం. నీలం ఏ అర్థమూ లేని రంగు. అన్నిటికన్నా ఇబ్బంది ఆకుపచ్చతో. పచ్చగా ఉంటే ‘చేనుకు మంచిది’ అనో, ‘మనిషికి ఏం కాదు’ అనో అనుకోవడం సహజం. నిజానికి ఆ రంగు చెప్పేది చాలా తక్కువ. ప్రయోగశాలలో జంతువులకు ఇచ్చినప్పుడు ఎంత మోతాదుకు వాటిలో సగం చనిపోతాయి అన్న కొలత మీద ఈ రంగులు నిలబడ్డాయి. ఆ మందు రోజూ కొట్టే కూలీ ఒంట్లో ఏళ్ల తరబడి ఏం చేస్తుందో, కాయ మీద ఎన్నాళ్లు నిలుస్తుందో, తేనెటీగలను ఎలా చంపుతుందో రంగు చెప్పదు. బొమ్మ గీస్తే అందరికీ అర్థమవుతుందన్నది చదువుకున్నవాళ్ల భ్రమ. బొమ్మను కూడా ఒకరు నేర్పితేనే చదవడం వస్తుంది, ఆ నేర్పే పని ఎవరికీ అప్పజెప్పలేదు.

ఇక లెక్క. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మొత్తం వ్యవహారం ఇక్కడే తేలిపోతుంది. కరపత్రంలోని పట్టికలో మోతాదు హెక్టారుకు ఉంటుంది. మొదటి గడిలో ‘క్రియాశీల పదార్థం ఇన్ని గ్రాములు’, రెండో గడిలో మందు ఇన్ని మిల్లీలీటర్లు, మూడో గడిలో నీళ్లు ఇన్ని లీటర్లు, చివరి గడిలో ఆఖరిసారి కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో. పల్నాట్లో హెక్టారు అనే కొలత రెవెన్యూ కాగితాల్లో తప్ప నోటికి రాదు. భూమి ఎకరాల్లో, సెంట్లలో ఉంటుంది. ఒక హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఉదాహరణకు పట్టికలో హెక్టారుకు 500 మిల్లీలీటర్ల మందు, 500 లీటర్ల నీళ్లు అని ఉందనుకుందాం. ఎకరాకు 200 మిల్లీలీటర్లు, 200 లీటర్లు. చేతిలో ఉన్నది 16 లీటర్ల ట్యాంకు. అంటే ఎకరాకు పన్నెండు పదమూడు ట్యాంకులు, ట్యాంకుకు 16 మిల్లీలీటర్లు. ఇంత లెక్క కట్టి, తెల్లవారుజామున, గట్టు మీద నిలబడి, సీసా మూతతో కొలవాలి. మూతలో ఎంత పడుతుందో చాలా సీసాల మీద రాసి ఉండదు. అందుకని అలవాటు ప్రకారం ‘ట్యాంకుకు ఒక మూత’. పురుగు చావకపోతే రెండు మూతలు.

చేతిపంపు పోయి బ్యాటరీ పంపు వచ్చింది, తర్వాత తైవాన్ స్ప్రేయర్ వచ్చింది, ఇప్పుడు డ్రోన్ ఎగురుతోంది. పంపు మారినప్పుడల్లా ఎకరాకు పట్టే నీళ్లు మారతాయి. డ్రోన్ ఎకరాకు పది లీటర్ల చొప్పునే చల్లుతుంది. పాత పట్టికలో నీళ్ల గడి దానికి పనికిరాదు. ‘లీటరుకు ఇంత’ అని నోటికి వచ్చిన మోతాదు, నీళ్లు తగ్గిన చోట ఎకరాకు చాలని మందు అవుతుంది. నీళ్లు ఎక్కువ వాడిన చోట మందు అతి అవుతుంది. పనిముట్టు మారితే సూచన కూడా మారాలి. ఎకరాను, ట్యాంకును కొలతగా పెట్టుకుని, ఒకే వరసలో, పెద్ద అంకెల్లో, మూత మీదే గీతలు గీసి ఇవ్వడానికి ఏ శాస్త్రమూ అడ్డం రాదు. ఖర్చు కూడా పెద్దది కాదు. అది జరగకపోవడానికి కారణం ఒక్కటే. ఆ కాగితం సరిగా ఉందో లేదో తేల్చే మనిషి ఎన్నడూ ట్యాంకు మొయ్యడు.

కరపత్రం చెయ్యలేని పని వినుకొండలో, నరసరావుపేటలో, ఇంకా ఏ మండల కేంద్రంలోనైనా పురుగుమందుల కొట్టు చీటీ చేస్తుంది. కొట్టాయన తెల్ల కాగితం ముక్క మీద మూడు మందుల పేర్లు రాసి, ఎదురుగా ‘ట్యాంకుకు 30’ అని అంకె వేసి ఇస్తాడు. నోటితో కూడా చెబుతాడు: ‘పొద్దున్నే కొట్టు, గాలి లేనప్పుడు కొట్టు, ఇది ముందు కలుపు.’ రైతు ఆకు తుంపి తీసుకొస్తే దాన్ని చూసి చెబుతాడు. రైతు మాట్లాడే కొలతలో చెబుతాడు. చేతిలో డబ్బు లేకపోతే ఖాతాలో రాసుకుంటాడు, కాయ అమ్మాక కట్టమంటాడు. ఎవరికి చెబుతున్నాడో, వాళ్ల పొలం ఎక్కడుందో, కౌలు ఎంతో, అప్పు ఎంతో ఆయనకు తెలుసు. రాయడం నేర్పే పుస్తకాల్లో పాఠకుణ్ణి ఎరిగి రాయమని చెప్పే సూత్రాన్ని ఇంత నిక్కచ్చిగా పాటించిన రచన ఇంకోటి కనబడదు.

అయితే ఆ చీటీ ఉద్దేశం పురుగును చంపడం ఒక్కటే కాదు, సరుకు కదిలించడం కూడా. ఒక మందుతో పోయేదానికి మూడు మందులు కలుస్తాయి. లేబుల్లో ఆ కలయిక ఊసే ఉండదు. నాణ్యత తేలని ‘టానిక్కు’ ఒకటి పైన చేరుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి పొలాలు దీని పర్యవసానం ఒకసారి చూశాయి. 1980లలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టీ కొట్టీ తెల్లదోమ విజృంభించింది, 1987–88 నాటికి పంట పోయి, అప్పులు తీరక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు కరపత్రాలు లేక కాదు. ఊరి భాషలో, ఊరి కొలతలో మాట చెప్పగలిగినవాడు మందు అమ్మేవాడు ఒక్కడే కావడం అసలు విషాదం. అప్పు ఇచ్చినవాడి సలహా కాదనడం ఎవరి తరం?

ఇంకో చిక్కు ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మందు కొనేది ఒకరు, కొట్టేది ఇంకొకరు. ఎకరాకు ఇంత అని మాట్లాడుకుని కూలికి మందు కొట్టేవాళ్లు వేరే ఉన్నారు. నీళ్లు మోసి మందు కలిపేది చాలాచోట్ల ఆడవాళ్లు. కరపత్రం కొట్టులో యజమాని చేతికి వస్తుంది, అది ఇంటి దగ్గరో కొట్టు దగ్గరో ఆగిపోతుంది. పొలానికి వెళ్లేది సీసా. కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు, బూట్లు వేసుకోవాలన్న మాట వేసుకోవాల్సినవాడి చెవిన పడదు. పడినా, భాద్రపదం ఉక్కలో రబ్బరు బూట్లు, ప్లాస్టిక్ కోటు తొడుక్కుని మిరప చాళ్లలో తిరగడం ఎవరి వల్లా కాదు. ఆ జాబితా రాసినవాళ్లు ఏ చల్లటి దేశపు పొలాన్ని మనసులో పెట్టుకున్నారో. తలకు తువ్వాలు, పొడుగు చేతుల పాత చొక్కా, గాలికి ఎదురు నడవకపోవడం, పని కాగానే సబ్బుతో స్నానం, మధ్యలో బీడీ ముట్టించకపోవడం లాంటి చెయ్యగలిగిన పనులు ఆ జాబితాలో ఉంటే అడుగున ఉంటాయి, కొన్నిట్లో ఉండవు. చెయ్యలేని పనులను ముందు చెబితే చెయ్యగలిగినవి కూడా చెవికెక్కవు.

కరపత్రాన్ని పూర్తిగా తీసిపారెయ్యడం కూడా న్యాయం కాదు. దానికి ఇన్‌స్పెక్టరు, రైతు కాక మూడో పాఠకుడు ఒకడున్నాడు. ఎవరైనా పొరపాటునో, కావాలనో మందు తాగినప్పుడు, లేదా ఒంటికి పట్టి కళ్లు తిరిగి పడిపోయినప్పుడు, నరసరావుపేటకో గుంటూరుకో తీసుకెళ్తారు. అక్కడ క్యాజువాలిటీలో ఉన్న డాక్టరుకు ముందు తెలియాల్సింది ఏ మందు అని. ఆర్గనోఫాస్ఫేట్ అయితే అట్రోపిన్ ఇవ్వాలి, పైరిత్రాయిడ్ అయితే దారి వేరు, కొన్నిటికి అసలు విరుగుడే లేదు. కరపత్రంలో ఇంగ్లీషులో ఉన్న ఆ విరుగుడు పంక్తి ఆ డాక్టరు కోసం రాసింది. రైతుకు అర్థం కాదని దాన్ని తీసెయ్యకూడదు. రైతుకు చెప్పాల్సింది వేరే ఉంది: ‘ఆస్పత్రికి వెళ్తే ఈ సీసా, ఈ కాగితం వెంట తీసుకెళ్లు.’ ఈ ఒక్క మాటా పెద్ద అక్షరాల్లో, మొదటి మడత మీదే ఉండాలి. ముగ్గురు పాఠకులకు ఒకే కాగితం రాయడం తప్పు కాదు, ఎవరి ముక్క ఎవరిదో విడదీయకపోవడం తప్పు.

పత్తి గింజల ప్యాకెట్టు కథ మరో రకం. మొక్కలోనే పురుగును చంపే గుణం పెట్టిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 450 గ్రాముల బీటీ గింజల ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల నాన్-బీటీ గింజలు విడిగా ఇచ్చేవారు. చేను చుట్టూ అయిదు వరసలు, లేదా మొత్తంలో 20 శాతం, రెండింట్లో ఏది ఎక్కువైతే అంత మేర వాటిని విత్తాలని సూచన. అలా చేస్తే బీటీని తట్టుకునే పురుగులు, తట్టుకోలేని పురుగులతో కలిసి, పురుగుల్లో తట్టుకునే గుణం త్వరగా పెరగదు. సూచన స్పష్టంగానే ఉంది, బొమ్మ కూడా వేశారు. అయినా చాలామంది ఆ చిన్న ప్యాకెట్టును పారేశారు, లేదా మొలకలు రాని చోట గుంటలు నింపడానికి వాడుకున్నారు. అందులో గింజ మంచిదో కాదో కూడా నమ్మకం లేదు. అర్థం కాక కాదు. ఎకరం కౌలుకు తీసుకున్నవాడు తన చేలో అయిదో వంతును పురుగుకు వదిలి, పదేళ్ల తర్వాత జిల్లాకంతటికీ వచ్చే లాభం కోసం ఎందుకు నష్టపోతాడు? పక్క చేనువాడు వెయ్యకపోతే ఇతను వేసి ప్రయోజనం ఏముంది? తరువాత గులాబీ పురుగు బీటీని తట్టుకోవడం నేర్చింది. అక్షరాలు పెద్దవి చేసినా, బొమ్మలు మార్చినా ఈ రకం సూచన పనిచెయ్యదు, ఎందుకంటే లోపం కాగితంలో లేదు. రెండు రకాల గింజలనూ ఒకే సంచిలో కలిపి ఇచ్చే పద్ధతి తరువాత వచ్చింది. ఆ పద్ధతిలో రైతుకు చెప్పాల్సిందే లేదు, సంచి విప్పి విత్తడమే.

వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఏటా వ్యవసాయ పంచాంగం తెస్తారు. 1964లో పుట్టి, తరువాత ఎన్.జి. రంగా పేరు పెట్టుకున్న ఈ విశ్వవిద్యాలయం ఇప్పుడు గుంటూరు పక్కన లాంలోనే ఉంది. మిరప మీద లాం కేంద్రానికి ఉన్న పట్టు వేరే చెప్పనక్కర్లేదు, ఎల్.సి.ఎ. రకాల పేర్లు పల్నాటి రైతుల నోటిలో ఆడతాయి. పంచాంగం మంచి పుస్తకం. అమ్మకం ఉద్దేశం లేదు, భాష కొట్టు చీటీ అంత కాకపోయినా కరపత్రం కన్నా మెరుగు. 1969లో మొదలైన అన్నదాత పత్రిక, ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమాలు కూడా ఈ కోవలోవే. వీటికి ఇబ్బంది సమయంతో. పుస్తకం సీజన్ ముందు వస్తుంది, పురుగు సీజన్ మధ్యలో వస్తుంది. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతలో దిగినప్పుడు రైతుకు అందిన అచ్చు పుస్తకాల్లో దానికి జవాబు దొరకలేదు. శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించి, నీలం రంగు జిగురు అట్టలు, వేప నూనె, ఏ మందు ఎప్పుడు అన్న సూచనలు తయారుచేసేలోపు రైతులు రోజు మార్చి రోజు దొరికిన మందల్లా కొట్టారు. ఎకరాలకు ఎకరాలు పీకేశారు.

ఆ సమయం దూరాన్ని తగ్గించగల ఏర్పాటు అంతకు ముందే వచ్చింది. 2020 మే 30న రాష్ట్రంలో రైతు భరోసా కేంద్రాలు తెరిచారు, 2024లో పేరు రైతు సేవా కేంద్రాలుగా మారింది. ఊళ్లోనే ఒక మనిషిని కూర్చోబెట్టడం సరైన ఆలోచన. ఆ మనిషికి ఈ-క్రాప్ నమోదు, బీమా, ఎరువుల పంపిణీ లాంటి పనులు మీద పడ్డాక ఆకు పట్టుకు వచ్చిన రైతుతో మాట్లాడే తీరిక ఎంత మిగిలిందో ఆ కేంద్రాలకు వెళ్లేవాళ్లకు తెలుసు.

కాగితం పనిచేసిన సందర్భాలు లేకపోలేదు. డాక్టరు చీటీ మీద ‘1-0-1’ అని రాస్తే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని అక్షరం రాని అవ్వ కూడా చదువుతుంది. విరేచనాల పొడి పొట్లం 20.5 గ్రాములు, ఒక లీటరు నీళ్లకు. పాత రోజుల్లో ఇంట్లో లీటరు కొలత లేక, గ్లాసులో కలిపేసి చిక్కగా తాగించేవాళ్లు. దాని వల్ల పిల్లకు మేలు కన్నా కీడు. నీళ్ల సీసాల వ్యాపారం వచ్చి ప్రతి ఇంటికీ లీటరు కొలతను ఉచితంగా ఇచ్చిపోయింది, ఇప్పుడు పొట్లం మీది సూచన దానంతట అదే సరిపోయింది. కాగితం మారలేదు, ఇల్లు మారింది. అయితే గ్లాసు నీళ్లకు సరిపోయే చిన్న పొట్లాలు కూడా అమ్ముతున్నారు గనుక, ఏ పొట్లం దేనికో చూసుకోవాల్సిందే.

ప్రకృతి సాగులో వాడే జీవామృతం తయారీ తీరు కూడా చూడదగింది. ఎకరాకు 200 లీటర్ల డ్రమ్ము నీళ్లు, పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల ఆవు పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి పిడికెడు, రెండు రోజులు పులియబెట్టాలి. ఒకసారి వింటే చాలు. కొలత డ్రమ్ము, భూమి ఎకరం, సరుకులన్నీ ఇంట్లోవి. ప్రకృతి సాగును ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ శిబిరాల నుంచి ఆ సాగు కార్యకర్తల దాకా ఇది నోటినోటనే పాకింది. సూచనగా దీనికి వంక పెట్టలేం. పంటకు ఎంత మేలు చేస్తుందన్నది వేరే చర్చ, అది పొలంలో తూచి చూడాల్సిన సంగతి. సూచన బాగా రాసి ఉందంటే అందులో చెప్పింది నిజమని కాదు. కొట్టు చీటీకీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

పొలంబడి ఇంకో అడుగు ముందుకు వేసింది. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఎ.ఓ.) మొదలుపెట్టిన ఈ పద్ధతిలో రైతులు వారం వారం చేలో కలిసి, పురుగులను, వాటిని తినే మిత్ర పురుగులను లెక్కపెట్టి, చార్టు మీద తామే బొమ్మలు గీసి, కొట్టాలా వద్దా అని వాదించుకుంటారు. ఆ చార్టే వాళ్లు రాసుకున్న సూచన పత్రం. మన పక్కనున్న ప్రకాశంతో కలిపి ఏడు జిల్లాల్లో 2003 నుంచి నడిచిన రైతు భూగర్భజల పథకంలోనూ ఇదే తీరు. రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటి మట్టం కొలిచారు, అంకెలు ఊరి గోడల మీద రాశారు, రబీకి ముందు నీళ్ల లెక్క వేసుకుని ఏ పంట వెయ్యాలో చూసుకున్నారు. ఫలానా పంట వెయ్యమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఇందులో బలహీనత కూడా ఉంది. ఇది సీజన్ అంతా కూర్చోగలిగినవాళ్ల చదువు. రోజు కూలికి మందు కొట్టేవాడు పొలంబడిలో కూర్చోడు.

వీటన్నిటికన్నా నాకు నచ్చింది బంగ్లాదేశ్ సంగతి. 1980 నుంచి పదేళ్ల పాటు బ్రాక్ సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, విరేచనాలు పట్టిన బిడ్డకు ఇంట్లోనే ద్రావణం కలపడం తల్లులకు నేర్పారు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీళ్లు. కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లారు. కార్యకర్తలకు జీతం ఎన్ని ఇళ్లు తిరిగారన్న లెక్కన ఇవ్వలేదు. కొన్నాళ్లయ్యాక వేరే మనిషి వచ్చి కొందరు తల్లులను అడిగేవాడు, కలిపించి చూసేవాడు. వాళ్లకు ఎంత గుర్తుంటే నేర్పినవాళ్లకు అంత డబ్బు.

మన దగ్గర దీనికి దగ్గరి ఏర్పాటు ఏదీ లేదు. కరపత్రం అచ్చయిందా లేదా అని చూసేవాళ్లున్నారు, డీలర్ లైసెన్సు చూసేవాళ్లున్నారు, సదస్సుకు ఎంతమంది వచ్చారో రాసుకునేవాళ్లున్నారు. ఆ వచ్చినవాడు మర్నాడు ట్యాంకులో ఎంత పోశాడో చూసేవాడు లేడు. ఇప్పుడు వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో రోజుకో మందు గురించి వీడియో వస్తోంది. భాష బాగుంటుంది, పొలం మనలాంటిదే, మాట్లాడేవాడు చొక్కా మడిచి చేలో నిలబడి ఉంటాడు. దాని వెనక డబ్బు ఎవరిదో తెలియదు. కొట్టు చీటీ కనీసం ఎవరిదో తెలుసు, రేపు వెళ్లి నిలదీయొచ్చు.

కొత్త కరపత్రానికి అనుమతి ఇచ్చేముందు ఒక పరీక్ష పెట్టడం కష్టమేమీ కాదు. దాన్ని వినుకొండ మండలంలో కూలికి మందు కొట్టే పది మంది చేతుల్లో పెట్టి, పక్కన నీళ్ల డ్రమ్ము, ఖాళీ ట్యాంకు, మందుకు బదులు రంగునీళ్ల సీసా ఉంచి, ఏమీ చెప్పకుండా కలపమనాలి. ఎంత పోశారో కొలిచి రాసుకోవాలి. వారం తర్వాత మళ్లీ, ఈసారి కాగితం లేకుండా.